పద్దులలో కనబడని సీమ

(ఒక గ్రంథాలయ వార్షికసభయందు చేసిన ప్రసంగపాఠము)



సమాఖ్యరాజ్యమునందు ప్రాంతముల ఆర్థిక వ్యత్యాసములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సభానిర్వాహకులు మమ్ము కోరిరి. విషయము పెద్దది, దాని పేరు అంతకంటెను పెద్దది. అర్థశాస్త్ర పాండిత్యమును ప్రదర్శింప వచ్చినవారము కాము. న్యాయస్థానములలో కాగితములు తిరుగవేయుటయు, నీటికొరకు జరిగిన ఉద్యమములో కార్యకర్తలమై ఊరూర తిరుగుటయు మా యనుభవము. కావున లోకమునంతటిని చుట్టిరాక, రాయలసీమనే యెదుట నుంచుకొని మాటాడెదము. అవసరమైనచోట ఢిల్లీకిని బీహారునకును పోయివచ్చెదము.

ఈ విషయమును గూర్చి మాటాడినప్పుడెల్ల ఒక వాదము మొట్టమొదట ఎదురగుచుండును. డెల్టా సహజముగా సంపన్నమైనదనియు, సీమ సహజముగా నిరుపేదదనియు, ప్రకృతి చేసిన భేదమును ప్రభుత్వము దిద్దజాలదనియు నందురు. చరిత్ర నెరిగినవా రీ మాట నాడరు. 1832–33లో వచ్చిన నందన కరవు ఎక్కడ వచ్చినది? గుంటూరు మండలమున. కృష్ణానది ప్రక్కనే పారుచుండగా జనము అన్నము లేక మడిసిరి. ఆ నీరు సముద్రమునకు పోయినదే గాని పొలమునకు రాలేదు. పిమ్మట 1852 నాటికి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట లేచినది. 1855 నాటికి బెజవాడయొద్ద మరియొకటి లేచినది. ప్రభుత్వధనము వెచ్చింపబడినది, కాలువలు త్రవ్వబడినవి. ఆ తరువాతనే డెల్టా అన్నపూర్ణ అయినది. పంట మిగిలినవాడు బడి పెట్టెను; బడిలో చదివినవాడు ఉద్యోగమునకు పోయెను; పొలముపై వచ్చిన సొమ్ము మిల్లులకును, పిదప చలనచిత్రములకును, మందుల కర్మాగారములకును పెట్టుబడి యయ్యెను. తీరవాసుల చెమటను మేము తక్కువ చేయుటలేదు. మొదటి పెట్టుబడి మాత్రము ప్రజాధనము. దానిని ప్రకృతివరమని చెప్పుట చరిత్రను మరచుటయే.

సీమకు అట్టి పెట్టుబడి రాలేదా యన, కొంత వచ్చినది. 1800లో నిజాము తన యప్పుక్రింద ఆంగ్లేయుల కిచ్చివేసిన మండలములు గనుక వీనికి దత్తమండలములని పేరు. 1928లో నంద్యాలయందు ఆంధ్రమహాసభ జరిగిన సందర్భమున గాని రాయలసీమ యను గౌరవనామము రాలేదు. కర్నూలు–కడప కాలువను ప్రభుత్వము స్వయముగా త్రవ్వలేదు. ఒక లాభార్జన సంఘమునకు వదలినది. ఆ సంఘము నష్టపడి చేతులెత్తివేయగా, 1882లో ప్రభుత్వము దానిని కొనినది. ఈలోపున 1876–77లో ధాత కరవు వచ్చి వెళ్లినది. అనంతపురమున ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంత కొలది వాన గల మండలమునందు చెరువే ప్రాణము. విజయనగర ప్రభువులు కట్టించిన చెరువులు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వాని పూడిక తీయుటకు మంజూరైన మొత్తములే, ఎందుకో, నిలిచియుండవు.

ఇక ఒడంబడికల సంగతి. ఆంధ్రరాష్ట్రము కావలెనని కోరినప్పుడు సీమవాసులు సంశయించిరి. ముందంజ వేసినవారితో కలిసినచో తమ పాలు తమకు దక్కునా యని వారి భయము. ఆ భయమును తీర్చుటకై 1937 నవంబరు 16వ తేదీని చెన్నపురియందు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమైన శ్రీబాగునందు పెద్దలు సమావేశమైరి. కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు సీమ పక్షమునను, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, కొండా వెంకటప్పయ్యగారు తీరపక్షమునను గల వారిలోనివారు. అనంతపురమున విశ్వవిద్యాలయకేంద్రము నుండవలెననియు, తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటివాడకమున పది సంవత్సరములు, లేక అవసరమైనంత కాలము, సీమకును నెల్లూరునకును ప్రాధాన్యము నీయవలెననియు, రాజధాని యొకచోట, ఉన్నతన్యాయస్థానము వేరొకచోట నుండవలెననియు, కోరుకొను హక్కు సీమదనియు వ్రాసికొనిరి.

మంచి పత్రము, మర్యాద గల పెద్దలు. కాని న్యాయవాదిదృష్టితో చూచినచో అందు ఒక్క లోపము కలదు. దానిని భంగపరచినవానిపై ఏ కోర్టునకు పోవలెనో అందు లేదు. 1953 అక్టోబరు 1వ తేదీని కర్నూలు రాజధాని యయ్యెను, 1954లో ఉన్నతన్యాయస్థానము గుంటూరున వెలసెను. మూడేండ్లకే, 1956 నవంబరులో, రెండును హైదరాబాదునకు చేరెను. 2014లో రాష్ట్రము విడివడిన పిమ్మట రాజధాని అమరావతికి పోయినది. 2019 జనవరి 1వ తేదీనుండి ఉన్నతన్యాయస్థానమును ఆ ప్రాంతముననే నెలకొన్నది. కర్నూలునందు ఒక ధర్మాసనము కావలెనని 2024 నవంబరులో శాసనసభ తీర్మానించినది. ఎనుబదియేడు సంవత్సరముల క్రిందటి వాగ్దానములో ఒక తునుక కొరకు తీర్మానము చేయవలసివచ్చినదన్నమాట.

నీటి సంగతియు అట్లే నడచినది. మదరాసు ప్రభుత్వము తలపెట్టిన కృష్ణా–పెన్నా పథకము వెనుకబడి, ఖోస్లా సంఘము 1952లో సిఫారసు చేసిన నందికొండ ముందునకు వచ్చినది; అదియే నాగార్జునసాగరము. కృష్ణాజలములను మదరాసు మాగాణములకు మళ్లింతురను భయము నాడు తీరమున నుండెను. ఆ భయమునకు కారణము లేకపోలేదు. కాని ఆ భయమునకు వెల నిచ్చినది సీమ. శ్రీశైలము ఆనకట్ట మొదట విద్యుత్తునకై తలపెట్టబడినది. దానిక్రింద మునిగిన గ్రామములు కర్నూలు, మహబూబునగరు మండలములవి. తమ పొలముపై నిలిచిన నీరు తమ పొలమునకు పారదని ఆ రైతులకు చెప్పవలసివచ్చిన దినములు మాబోటి కార్యకర్తలకు మరపునకు వచ్చునవి కావు. 1983లో తెలుగుగంగ మొదలయ్యెను గదా యందురు. అవును, అది చెన్నపురి దాహము తీర్చుటకు మూడు రాష్ట్రములు తలకు 5 టీఎంసీల చొప్పున ఇచ్చిన 15 టీఎంసీలను కొనిపోవుటకు పుట్టినది. దారిలోనున్నాము గనుక మాకును కొంత దక్కినది.

ఇచ్చట ఒక ధర్మసూక్ష్మము కలదు. దీనిపై కొంచెము నిలిచెదము. కృష్ణాజలముల వివాదమున బచావత్ న్యాయాధికరణము 1973లో నిర్ణయము చేయుచు, 1960 సెప్టెంబరు నాటికి వాడుకలోనున్నట్టియు, చేపట్టబడినట్టియు నిర్మాణములకు రక్షణ నిచ్చెను. ముందు త్రవ్వినవానికి ముందు హక్కు. న్యాయశాస్త్రమున దీనికి గట్టి యాధారములు కలవు. నడచుచున్న కాలువను ఎండగట్టుమని ఏ న్యాయమూర్తియు చెప్పజాలడు. కాని దాని ఫలితమేమి? ఎవ్వరికి మొదట పెట్టుబడి దొరకెనో వారి వాడకము హక్కుగా మారెను. ఎవ్వరికి దొరకలేదో వారి దాహము దరఖాస్తుగా మిగిలెను. పైగా అవిభక్త ఆంధ్రప్రదేశమునకు వచ్చిన 800 టీఎంసీలు రాష్ట్రమునకు మొత్తముగా వచ్చినవి. ఆ మొత్తములో సీమకెంత, పాలమూరునకెంత యను ప్రశ్న అధికరణము కంటికి కానరాదు. అధికరణమునకు కానవచ్చునది రాష్ట్రమే.

మా ప్రసంగమునకు కీలకము ఇదియే. మన రాజ్యాంగమునందు రాష్ట్రమునకు వ్యక్తిత్వము కలదు. దానికి ఆర్థికసంఘమున పాలు కలదు, సుప్రీముకోర్టులో దావా వేయు హక్కు కలదు. 73వ సవరణము పిమ్మట గ్రామపంచాయతీకిని వ్యక్తిత్వము వచ్చినది. రాష్ట్ర ఆర్థికసంఘము దాని పాలు తేల్చవలెను. ఈ రెంటికి నడుమ నున్న ప్రాంతమున్నదే, అది అనాథ. రాయలసీమ యను వాది ఏ కోర్టులోను లేడు.

తెలంగాణము కథయు దీనినే నిరూపించుచున్నది. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందము జరిగెను. తెలంగాణపు మిగులు తెలంగాణముననే వ్యయము చేయవలెనని వ్రాసికొనిరి. మిగులెంత యని ఏటేట లెక్క చూచిరా? లేదు. 1969లో విద్యార్థులు వీధులకెక్కి, కాల్పులు జరిగి, ప్రాణములు పోయిన పిమ్మట కుమార్ లలిత్ సంఘమును, భార్గవ సంఘమును వేసి లెక్కలు తీయించిరి. మిగులు కలదని రెండు సంఘములును అంగీకరించినవి. మొత్తము దగ్గరనే తగవు. పదమూడేండ్ల పద్దు ఒక్కసారి తీయవలసివచ్చినప్పుడు ఏ గుమాస్తా చెప్పగలడు? ఏటేట బడ్జెటుతోపాటు ప్రాంతపు పద్దును శాసనసభ బల్లపై పెట్టియున్నచో, ఆ యనుమానము ద్వేషముగా ముదిరెడిది కాదేమో.

1973లో ఆరు సూత్రముల పథకము, 32వ సవరణము, 371డి అధికరణము వచ్చినవి. ఆ అధికరణము ఉద్యోగములయందును విద్యయందును సమానావకాశములను గూర్చి మాటాడినది. మేలైనదే, దానివలన మా మండలముల పిల్లలకు కొలువులు దక్కినవి. కాని నీటిని గూర్చి, పెట్టుబడిని గూర్చి, బడ్జెటును గూర్చి అది మౌనము వహించినది. ఉద్యోగమునకు పాలు ఉండి, ఉద్యోగమును పుట్టించు ధనమునకు పాలు లేకపోవుట గమనింపుడు.

మిత్రులలో కొందరు కోపించుకొనినను మరియొక మాట చెప్పక తప్పదు. దక్షిణమునందు నేడొక ఫిర్యాదు బలముగా వినబడుచున్నది. మన పన్నులను ఢిల్లీ తీసికొని బీహారునకు పంచిపెట్టుచున్నదని యందురు. పదునైదవ ఆర్థికసంఘము 2021–26 సంవత్సరములకు కేంద్రపు పంపకపు పన్నులలో నూటికి 41 పాళ్లు రాష్ట్రములకిచ్చి, ఆ భాగమును పంచుటలో నూటికి 45 వంతుల బరువును తలసరి యాదాయపు తరుగునకు నిచ్చినది. బీహారునకు 10.058 శాతము వచ్చెను, ఆంధ్రప్రదేశమునకు 4.047, తెలంగాణమునకు 2.102. ఈ యంకెలు చూచి మనవారు మండిపడుదురు. సరే, బీహారు పేదదెట్లయినదో కొంచెము విచారింతము.

1956 మొదలు ఉక్కునకు రైలుకూలి సమీకరణ విధానము అమలు జరిగెను. జంషెడ్‌పూరు ఉక్కు జంషెడ్‌పూరున నేవెలయో బొంబాయినందును, మదరాసునందును అదేవెల. దూరపు కూలిని దగ్గరవాడును కలిసి భరించెను. గనుల చెంత కర్మాగారము పెట్టుటకు ఇక కారణమేమి? రేవుపట్టణములకే పోవచ్చును గదా. కాని బొంబాయి మిల్లు ప్రత్తికి బీహారున ఒకే వెల లేదు. ఆ కూలి బీహారువాడే కట్టుకొనవలెను. అవిభక్త బీహారు, ఒడిషా, మధ్యప్రదేశము, పశ్చిమబెంగాలులు ఇనుమును బొగ్గును ఇచ్చి, కొలువులను మాత్రము ఇతరుల కప్పగించినవి. 1990వ దశకారంభమునందు గాని ఆ విధానము తొలగలేదు. దానికి పెట్టిన పేరేమి? సమీకరణము! ఇంత కఠినమైన హాస్యము మన పరిపాలనాగ్రంథములలో మరియొకటి లేదు. ఖనిజభూములపై పన్ను వేయుటకు రాష్ట్రములకు హక్కు కలదనియు, గనులపై ఇచ్చు రాయల్టీ పన్ను కాదనియు తొమ్మండ్రు న్యాయమూర్తుల సుప్రీముకోర్టు ధర్మాసనము 2024 జూలై 25వ తేదీని ఎనమండ్రు–ఒకరి నిష్పత్తితో తీర్పు చెప్పినది. ఆ హక్కు తేలుటకు అన్ని సంవత్సరములు పట్టినది. కావున బీహారునకు పోవు పాలు భిక్షము కాదు; అందు కొంత పాతబాకీ.

దక్షిణపు ఫిర్యాదులో న్యాయమైన భాగము లేదని మా యభిప్రాయము కాదు. సెస్సులను, సర్‌చార్జీలను పంపకములో చేర్చక కేంద్రము తనవద్దనే యుంచుకొనుట న్యాయము కాదు, పోరాడవలసినది దానిపై. జనసంఖ్యను అదుపుచేసికొన్న రాష్ట్రములు దానివలననే నష్టపోరాదనుటయు సబబే. కాని, ‘మా సొమ్ము మీకేల’ యని బీహారుతో ననునతడు, అదే మాటను గుంటూరువాడు అనంతపురముతో ననగా ఏమి బదులు చెప్పగలడు? హైదరాబాదువాడు ఆదిలాబాదుతో ననగా? ఢిల్లీలో ఒక తూనికరాయి, ఇంట వేరొక తూనికరాయి పెట్టుకొని వ్యాపారము చేయువానిని మన అంగడివీధులలో ఏమందురో మీకు తెలియును.

2014 నాటి విభజనచట్టమునకు వత్తము. దాని 46వ విభాగమున వెనుకబడిన ప్రాంతములకు, ముఖ్యముగా రాయలసీమకును ఉత్తరకోస్తాకును, ప్రత్యేకాభివృద్ధి సాయము చెప్పబడినది. గ్రాంట్ల విషయమున అచ్చట వాడిన క్రియ ‘చేయవచ్చును’. 94వ విభాగమున వెనుకబడిన ప్రాంతముల కార్యక్రమములకు కేంద్రము తోడ్పడ‘వలెను’ అని యున్నది. కాని ఎంత, ఎన్నడు అను ప్రశ్నలకు అచ్చట సమాధానము లేదు. చివరకు ఏడు మండలములకు ఏడాదికి తలకు 50 కోట్ల చొప్పున లెక్కకట్టిరి. అదియును కొన్నియేండ్లు వచ్చి నిలిచినది. 2024 జూలైలో కేంద్ర బడ్జెటు ప్రసంగమును మేము శ్రద్ధతో చదివితిమి. రాజధాని కొరకు బహుపక్ష ఋణసంస్థలద్వారా ఆ యేడు 15,000 కోట్లు సమకూర్తుమని యొక వాక్యము. రాయలసీమ, ప్రకాశము, ఉత్తరకోస్తాలకు చట్టమున చెప్పినట్లు గ్రాంట్లు నిత్తుమని మరియొక వాక్యము. మొదటి వాక్యమున అంకె కలదు, రెండవదానిలో లేదు. రాజధాని కట్టుటకు మేము విరోధులము కాము. 33,000 ఎకరములకు పైగా భూమినిచ్చిన రైతులకు ప్రభుత్వము మాట నిలుపుకొనవలెను. కాని అంకె లేని వాగ్దానమును మా వృత్తిలో వాగ్దానమనరు.

నీరు లేనిచోటికి నీరెట్లు వచ్చుననువారికి పెనుకొండను చూపెదము. కియా కార్ల కర్మాగారమునకు 2017లో ఒప్పందము జరిగెను. 2019లో కార్లు వెలువడెను. హంద్రీ–నీవా కాలువ నీరు గొల్లపల్లి జలాశయమునకు చేరి, ఆ కర్మాగారమునకును అందినది. శ్రీశైలమునుండి అంతదూరము, అంత యెత్తు నీరు ఎక్కించుట సాధ్యమేనని తేలినది గదా! మేము సంతోషించితిమి. అదే కాలువక్రింద పిల్లకాలువలు లేక వేరుసెనగ వాడిపోవు పల్లెలలో ఆ సంతోషమును పంచుకొనుట మాత్రము కష్టమయ్యెను.

ఇతరులు ఏమి చేసిరి? మహారాష్ట్రమున విదర్భ, మరాఠ్వాడలకు 371వ అధికరణము క్రింద 1994లో అభివృద్ధి మండలులు వెలసినవి. అంతకు పూర్వమే, 1984లో, దాండేకర్ సంఘము ప్రాంతముల బకాయిని 3,186 కోట్లకు పైగా లెక్కగట్టినది. మండలులు వచ్చినను నీటిపారుదల బకాయి తీరలేదు. 2020 ఏప్రిలులో వాని గడువు ముగిసినది. మండలి యుండగానే మోక్షము రాదని దీనివలన గ్రహింపవలెను. కర్ణాటకమున నంజుండప్ప సంఘము 2002లో తాలూకాయే కొలతగా గ్రహించి, 175 తాలూకాలలో 114 వెనుకబడినవని తేల్చినది. ఇది తెలివైన పద్ధతి. ఏలయన సీమయంతయు ఒకటి కాదు. తిరుపతికిని మడకసిరకును పోలిక లేదు. కోస్తాయంతయు ఒకటి కాదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధితో కునారిల్లు పల్లెను డెల్టా సంపన్నులలో చేర్చుట పాపము. 2012లో 98వ సవరణముచే 371జె అధికరణము వచ్చి, హైదరాబాదు–కర్ణాటక ప్రాంతమునకు మండలియు, నిధుల న్యాయమైన కేటాయింపును, మండలి పనిపై ఏటేట శాసనసభకు నివేదికయు ఏర్పడినవి.

ఆ చివరి మాటయే మాకు ముఖ్యము. మేము ప్రత్యేకరాష్ట్రము కోరుటలేదు. వేరొక మండలిని, దానికొక అధ్యక్షుని, అతనికొక వాహనమును కోరుటలేదు. బడ్జెటుతోపాటు మండలము మండలమునకు ఎంత మంజూరు చేసితిమి, ఎంత వ్యయము చేసితిమి, ఎంత వాపసు పోయినది యని తెలుపు పద్దును శాసనసభ యెదుట పెట్టవలెనని ఒక్క చట్టము కావలెను. నీటికిని అట్లే, ఏ కాలువకు ఏ నెలలో ఎంత విడుదల యయ్యెనో అందు చేర్చవలెను. ఇందులకు రాజ్యాంగసవరణము అక్కరలేదు. రాష్ట్రశాసనసభకే అధికారము కలదు. లెక్క బయటపడినచో తగవు పెరుగునని కొందరు పెద్దలు మాతో ననిరి. లెక్క దాచినందున తగవు తగ్గెనా యని 1969ని, 1972ని, 2009ని అడుగుడు.

చట్టము వచ్చువరకు ఊరకుండవలసిన పనిలేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము మనచేత నున్నది. ఈ సభలోని యువకులలో మండలమునకు ఇద్దరు ముందునకు రావలయును. ఒకరు చిన్ననీటిపారుదల శాఖకును, ఒకరు జిల్లాపరిషత్తునకును దరఖాస్తు పెట్టవలెను: గడచిన ఐదేండ్లలో మా మండలపు చెరువులకు మంజూరైన దెంత, వ్యయమైన దెంత, ఏ పని ఏ దినమున ముగిసినది? మండలస్థాయి కార్యాలయమునకు రుసుము ఐదు రూపాయలు, అంతకు పైవానికి పది రూపాయలు. ముప్పది దినములలో బదులు రావలెను. రానియెడల మరి ముప్పది దినములలోగా మొదటి అప్పీలు. అప్పీళ్లు వ్రాసిపెట్టుటకు మేమును మా వృత్తిమిత్రులును ప్రతి యాదివారము ఉదయమున ఈ గ్రంథాలయపు వసారాలోనే కూర్చుందుము. వచ్చునపుడు దరఖాస్తు నకలును, తపాలా రసీదును మరువక తెండు.